ఆ డబ్బాకు తాళం తీసిందెవరు? మొదటి గేమింగ్ కంప్యూటర్ బిగించుకునేవాళ్ళ కోసం ఒక చరిత్ర



డిగ్రీ, ఇంజినీరింగ్ చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు తరచుగా ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "అన్నా, ఏడాదిగా కూడబెడితే యాభై, అరవై వేలు అయ్యాయి. గేమింగ్ కంప్యూటర్ పార్టులు విడిగా కొని మేమే బిగించుకోవాలనుకుంటున్నాం. ఏవి తీసుకోవాలి?"

ఈ మాట వినగానే కొందరు పెద్దలు మొహం చిట్లిస్తారు. చదువుకోమని పంపిస్తే ఆటలా అంటారు. కార్లో కాలేజీకొచ్చే పిల్లాడు ఆడితే హాబీ, బస్సు పాసుతో వచ్చే పిల్లాడు ఆడితే దుబారా. ఎవరికి ఆట తగును, ఎవరికి పని తగును అని పక్కవాళ్ళు తీర్పు చెప్పే అలవాటు మన దగ్గర చాలా పాతది. ఆ తీర్పును పక్కన పెట్టి ప్రశ్నకు జవాబు చెప్పుకుందాం.

ఉత్త పార్టుల లిస్టు ఇస్తే ఆరు నెలల్లో పాతబడిపోతుంది. అసలు కంప్యూటర్‌ను ఇలా విడిభాగాలుగా కొనుక్కునే వీలు ఎలా వచ్చిందో తెలిస్తే, పదేళ్ళ తర్వాతైనా మీ లిస్టు మీరే రాసుకోగలరు. అందుకే ఈ భాగం.

ఒకసారి ఆలోచించండి. మీ చేతిలో ఉన్న ఫోనును నాలుగు కంపెనీల భాగాలు తెచ్చి బిగించుకోలేరు. టీవీ కూడా అంతే. కంప్యూటర్ మాత్రం ఒక కంపెనీ ప్రాసెసర్, ఇంకో కంపెనీ మదర్‌బోర్డు, మరో కంపెనీ మెమరీ తెచ్చి, ఒక స్క్రూడ్రైవరుతో మధ్యాహ్నం కూర్చుంటే సాయంత్రానికి నడుస్తుంది. ఇది సహజంగా జరిగింది కాదు. ఎవరూ దయతో ఇచ్చిందీ కాదు. ఒక కంపెనీ తొందరలో తలుపు సగం తెరిస్తే, మిగతావాళ్ళు దాన్ని మళ్ళీ మూయనివ్వలేదు. కథ అంతే. ఇక వివరాల్లోకి వెళదాం.

కిట్టు రోజులు

1975 జనవరిలో అమెరికాలో పాపులర్ ఎలక్ట్రానిక్స్ పత్రిక ముఖచిత్రంగా ఆల్టెయిర్ 8800 అనే యంత్రం వచ్చింది. న్యూమెక్సికో రాష్ట్రంలోని ఆల్బుకెర్కీ ఊళ్ళో ఎమ్‌ఐటీఎస్ అనే చిన్న కంపెనీ దాన్ని కిట్టుగా అమ్మింది. ఇంటెల్ 8080 ప్రాసెసర్, 256 బైట్ల మెమరీ. కిలోబైట్లు కూడా కాదు, బైట్లు. కీబోర్డు లేదు, తెర లేదు. ముందు వైపు స్విచ్చులు, చిన్న లైట్లు. కొన్నవాళ్ళు టంకం పెట్టి తామే కట్టుకోవాలి.

అప్పటిదాకా కంప్యూటర్ అంటే ప్రభుత్వానిదో, పెద్ద కంపెనీదో, యూనివర్సిటీదో. అద్దాల గదిలో ఉండేది. దాన్ని ముట్టుకునే అర్హత కొద్దిమందికే. తొలిసారి ఒక మామూలు మనిషి తన టేబుల్ మీద పెట్టుకోగలిగాడు. అదే ఏడాది మార్చిలో కాలిఫోర్నియాలో ఒక గ్యారేజీలో కొందరు చేరి హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ మొదలుపెట్టారు. ఒకరు కనుక్కున్నది మిగతావాళ్ళకు చెప్పడం ఆ క్లబ్ పద్ధతి.

ఆల్టెయిర్‌లో మనకు ముఖ్యమైనది దాని లోపలి స్లాట్ల వరస. అదనపు కార్డులు గుచ్చుకునే చోటు. ఎమ్‌ఐటీఎస్ సరిగా ఇవ్వలేకపోయిన మెమరీ కార్డులను వేరే చిన్న కంపెనీలు చేసి అమ్మాయి. స్లాటు కొలతలు, అందులో ఏ పిన్ను ఏం పని చేస్తుందో అందరికీ తెలిస్తే ఎవరైనా దానికి సరిపోయే కార్డు చేయవచ్చు. ఈ ఒక్క సూత్రం మీదే ఇవాళ మీరు చేసే ప్రతి కొనుగోలు నిలబడి ఉంది.

ఐబీఎం తొందర

1981 ఆగస్టు 12న ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌ను విడుదల చేసింది. డాన్ ఎస్ట్రిజ్ నాయకత్వంలో ఫ్లోరిడాలోని బోకా రాటన్‌లో ఒక చిన్న బృందం దాన్ని సుమారు ఏడాదిలో పూర్తిచేసింది. ఐబీఎం మామూలు పద్ధతిలో అన్నీ తానే తయారు చేసుకుంటే ఏళ్ళు పట్టేది. ఈలోగా ఆపిల్ లాంటివాళ్ళు మార్కెట్ పట్టుకుపోతున్నారు. అందుకే బజార్లో దొరికే భాగాలతోనే కట్టారు. ప్రాసెసర్ ఇంటెల్ 8088. ఆపరేటింగ్ సిస్టమ్ మైక్రోసాఫ్ట్ దగ్గర తీసుకున్నారు. ఐదు స్లాట్లు పెట్టారు. ఆ స్లాట్లలో వేరే కంపెనీల కార్డులు పనిచేయాలని సర్క్యూట్ బొమ్మలతో సహా టెక్నికల్ మాన్యువల్ అచ్చువేసి అమ్మారు.

కనీస ధర 1,565 డాలర్లు. ఆ ధరకు వచ్చేది 16 కిలోబైట్ల మెమరీ. మానిటరు లేదు, డిస్క్ డ్రైవు లేదు.

ఇంత తెరిచిపెట్టినా ఒక తాళం మాత్రం ఐబీఎం తన దగ్గరే ఉంచుకుంది. దాని పేరు బయోస్. స్విచ్ నొక్కగానే అన్నిటికంటే ముందు లేచి, కీబోర్డును, డిస్కును, తెరను పలకరించి పనిలో పెట్టే చిన్న ప్రోగ్రామ్. దాని కోడ్ కూడా మాన్యువల్‌లో అచ్చయింది. కానీ కాపీరైట్ ఐబీఎందే. అంటే చదవొచ్చు, వాడకూడదు. చదివినవాడు అలాంటిది రాస్తే దొంగతనం అంటారు.

చూడకుండా రాసినవాళ్ళు

కాపీరైట్ చట్టంలో ఒక కీలకం ఉంది. రాసిన రాత మీద హక్కు ఉంటుంది గానీ, అది చేసే పని మీద ఉండదు. ఈ కీలకాన్ని పట్టుకున్నవాళ్ళు రెండు బృందాలు పెట్టారు. మొదటి బృందం ఐబీఎం బయోస్‌ను పరిశీలించి, అది ఏం చేస్తుందో మాత్రం రాస్తుంది. ఫలానాది అడిగితే ఫలానా జవాబు రావాలి, అంతవరకే. రెండో బృందంలో అసలు ఐబీఎం కోడ్ కళ్ళతో చూడనివాళ్ళే ఉంటారు. వాళ్ళు ఆ వివరణ చదివి మొదటి అక్షరం నుంచి కొత్తగా రాస్తారు. దీన్ని క్లీన్ రూమ్ పద్ధతి అన్నారు.

1982 జూన్‌లో కొలంబియా డేటా ప్రొడక్ట్స్ తొలి నకలు యంత్రం తెచ్చింది. అదే ఏడాది టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ నుంచి బయటికొచ్చిన ముగ్గురు హ్యూస్టన్‌లో పెట్టిన కాంపాక్ నవంబరులో తన పోర్టబుల్ యంత్రాన్ని ప్రకటించింది. 1984లో ఫీనిక్స్ అనే కంపెనీ ఇంకో అడుగు వేసింది. తాను యంత్రం చేయకుండా బయోస్ ఒక్కటే రాసి, అడిగిన ప్రతివాడికీ అమ్మింది. ఆ దెబ్బతో తాళం పూర్తిగా ఊడిపోయింది. తైవాన్‌లో చిన్న చిన్న కంపెనీలు మదర్‌బోర్డులు చేయడానికి దిగాయి. గిగాబైట్, ఎమ్‌ఎస్‌ఐ 1986లో పుట్టాయి. ఏసర్ నుంచి బయటికొచ్చిన నలుగురు ఇంజినీర్లు 1989లో ఏసుస్ పెట్టారు. ఇవాళ మీరు షాపులో చూసే బోర్డుల పేర్లు ఇవే కదా!

ఇంకో సంగతి. ఇంటెలా, ఏఎండీనా అని మీరు తల పట్టుకుంటున్నారంటే ఆ రెండో పేరు ఎందుకుందో తెలుసుకోవాలి. ఒకే కంపెనీ మీద ఆధారపడటం ఐబీఎంకు ఇష్టం లేదు. ఆ ఒత్తిడితోనే 1982లో ఇంటెల్ తన చిప్పులను ఏఎండీ కూడా తయారు చేసేలా ఒప్పందం చేసుకుంది. తర్వాత ఇంటెల్ ఆ తలుపు మూయాలని చూసింది. ఏళ్ళపాటు కోర్టుల్లో నడిచింది. 1991లో ఏఎండీ తన 386 ప్రాసెసర్‌తో సొంతంగా బజారుకొచ్చింది.

మళ్ళీ మూయాలని చూశారు

1987 ఏప్రిల్‌లో ఐబీఎం పీఎస్/2 యంత్రాలు తెచ్చింది. పెద్ద మోడళ్ళలో మైక్రో ఛానెల్ అనే కొత్త స్లాటు పెట్టింది. సాంకేతికంగా పాతదానికంటే మంచిదే. కానీ దానికి కార్డు చేయాలంటే ఐబీఎంకు లైసెన్సు ఫీజు కట్టాలి. పాత కార్డులు అందులో పట్టవు. 1988లో కాంపాక్ ముందుండి, తొమ్మిది కంపెనీలు కలిసి ఈఐఎస్‌ఏ అనే మరో స్లాటు ప్రమాణం ప్రకటించాయి. పాత కార్డులు అందులో పనిచేస్తాయి. మంచి స్లాటు ఉండి కూడా ఐబీఎం ఓడిపోయింది. 1992లో ఇంటెల్ నుంచి పీసీఐ వచ్చింది. దాని వారసురాలే ఇప్పుడు మీరు గ్రాఫిక్స్ కార్డు గుచ్చే పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు.

1995లో ఏటీఎక్స్ ప్రమాణం వచ్చింది. బోర్డుకు స్క్రూ రంధ్రాలు ఎక్కడుండాలి, వెనక సాకెట్లు ఎక్కడుండాలి, ఎస్‌ఎంపీఎస్ కనెక్టర్ ఎలా ఉండాలి అన్నది ఒక కాగితం మీద తేల్చేశారు. ముప్పై ఏళ్ళు దాటినా ఇవాళ్టి క్యాబినెట్లో బోర్డు సరిగ్గా కూర్చోవడానికి కారణం అదే.

ఆట కోసం పుట్టిన కార్డు

1993 డిసెంబరులో డూమ్ వచ్చినప్పుడు గ్రాఫిక్స్ కార్డు మీద భారం లేదు. లెక్కలన్నీ ప్రాసెసరే చేసేది. 386 యంత్రం, 4 మెగాబైట్ల మెమరీ ఉంటే చాలు. 1996లో త్రీడీఎఫ్ఎక్స్ కంపెనీ వూడూ చిప్పుతో త్రీడీ బొమ్మ గీసే పనిని ప్రత్యేక కార్డుకు అప్పగించింది. చిప్పు వాళ్ళది, కార్డులు చేసేది డైమండ్, ఆర్కిడ్ లాంటి వేరే కంపెనీలు. అలా చాలామంది చేతుల మీదుగా అది ఇళ్ళకు చేరింది. 1998 చివర త్రీడీఎఫ్ఎక్స్ ఒక కార్డుల కంపెనీని కొనేసి, ఇక కార్డులు కూడా మేమే చేస్తాం అంది. ఆ కార్డుల కంపెనీలు ప్రత్యర్థి ఎన్విడియా వైపు వెళ్ళాయి. ఎన్విడియా 1999లో జీఫోర్స్ 256 తెచ్చి జీపీయూ అనే మాటను ప్రచారంలో పెట్టింది. 2000 డిసెంబరుకల్లా త్రీడీఎఫ్ఎక్స్ ఆస్తులు ఎన్విడియా చేతికి వచ్చాయి. బ్రాండు మీద భక్తి పెంచుకునేవాళ్ళు ఈ కథను గుర్తుపెట్టుకోవాలి. నాలుగేళ్ళ కిందటి రాజు నాలుగేళ్ళలో మాయమయ్యాడు.

గేమింగ్ కార్డు అంటే ఆటబొమ్మ అనేవాళ్ళకు ఇంకో సంగతి చెప్పండి. 2012లో టొరంటో యూనివర్సిటీలో అలెక్స్ క్రిజెవ్‌స్కీ, ఇల్యా సుట్స్‌కేవర్, జెఫ్రీ హింటన్ బొమ్మలను గుర్తుపట్టే న్యూరల్ నెట్‌వర్క్ ఒకటి తయారుచేశారు. ఇవాళ ఏఐ అని ప్రపంచం ఊగిపోతున్నదానికి అది పెద్ద మలుపు. దాన్ని నేర్పించింది రెండు జీటీఎక్స్ 580 కార్డుల మీద. ఒక్కోదానికి 3 జీబీ మెమరీ. ఐదారు రోజులు పట్టింది. అవి గేమర్ల కోసం షాపుల్లో అమ్మిన కార్డులే. మీరు కొనే కార్డు మీద రాత్రి ఆట ఆడొచ్చు, పగలు మోడల్ నేర్పించొచ్చు, వీడియో ఎడిట్ చేసుకోవచ్చు.

మన దగ్గరికి ఎలా వచ్చింది

1984లో కేంద్రం కొత్త కంప్యూటర్ విధానం ప్రకటించి దిగుమతులు కొంత సడలించింది. 1991 తర్వాత ఇంకా సడలింది. 1997లో భారత్ ఐటీ ఉత్పత్తుల ఒప్పందంలో చేరడంతో కంప్యూటర్ భాగాల మీద దిగుమతి సుంకాలు క్రమంగా తగ్గాయి. ఢిల్లీలో నెహ్రూ ప్లేస్, ముంబైలో లామింగ్టన్ రోడ్, చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్పీ రోడ్, మనకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్. అందరూ సీటీసీ అంటారు. బ్రాండెడ్ కంప్యూటర్ కొనలేని ఇళ్ళకు, ఊళ్ళలో నెట్ సెంటర్లకు, చిన్న కోచింగ్ సెంటర్లకు "అసెంబుల్డ్ సిస్టమ్" ఇలాంటి బజార్ల నుంచే వచ్చింది.

ఆ షాపుల్లో బిగించే కుర్రాళ్ళ చేతి పనిని ఎవరూ చరిత్రగా రాయలేదు. చేతులతో పనిచేసేవాడికి బుర్ర ఉండదని, బుర్ర ఉన్నవాడు స్క్రూ తిప్పడని నమ్మించే సమాజం మనది. మీ కంప్యూటర్ మీరే బిగించుకుంటే ఆ రెండు అబద్ధాలూ ఒకేసారి తెలిసొస్తాయి.

ఇప్పుడు లిస్టు రాద్దాం

పై చరిత్రలోంచి ఒకే సూత్రం తీసుకోండి. రేపు విడిగా మార్చుకోగలిగినదాన్ని ఇవాళ చిన్నది కొన్నా నష్టం లేదు. రేపు మార్చలేనిదాన్ని, మార్చడం ఖరీదైనదాన్ని ఇవాళ జాగ్రత్తగా కొనాలి.

ముందు తెర. మీ దగ్గరున్న మానిటరు, లేదా కొనబోయేది 1080పీ అయితే, దానికి సరిపడే కార్డు చాలు. 4కే కార్డు తెచ్చి 1080పీ తెరకు తగిలించడం దండగ.

గ్రాఫిక్స్ కార్డు. గేమింగ్ కంప్యూటర్లో మూడో వంతు నుంచి నలభై శాతం డబ్బు దీనికే పోతుంది, పోవాలి కూడా. కార్డు మెమరీ 8 జీబీకి తగ్గొద్దు. కార్డుకు అతికించిన మెమరీని తర్వాత పెంచలేం. డబ్బు చాలకపోతే ఇంకో దారి ఉంది. లోపలే గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్‌తో మొదలుపెట్టి, తేలికపాటి ఆటలు ఆడుతూ, ఏడాది తర్వాత కార్డు గుచ్చుకోండి. ఏఎండీలో పేరు చివర జీ అక్షరం ఉన్నవాటిలో గ్రాఫిక్స్ బలంగా ఉంటుంది. ఇంటెల్‌లో చివర ఎఫ్ అక్షరం ఉంటే లోపల గ్రాఫిక్స్ లేనట్టే. కార్డు లేకుండా అది కొంటే తెర మీద ఏమీ రాదు.

ప్రాసెసర్, మదర్‌బోర్డు. ఈ రెండింటినీ కలిపి చూడాలి. సాకెట్ కలవకపోతే కూర్చోదు. ఏఎండీ ఏఎం4 సాకెట్ ఉన్న 2017 నాటి బోర్డుల్లో చాలావాటికి బయోస్ అప్‌డేట్ చేస్తే 2020లో వచ్చిన రైజెన్ 5000 ప్రాసెసర్లు పనిచేశాయి. ఒకనాడు తాళంగా ఉన్న బయోస్ ఇక్కడ తాళంచెవి అయింది. 2022లో వచ్చిన ఏఎం5కు 2027 దాకానైనా కొత్త ప్రాసెసర్లు ఇస్తామని ఏఎండీ చెప్పింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు "ఈ సాకెట్లో రేపు ఇంకో ప్రాసెసర్ పడుతుందా?" అని అడిగాకే డబ్బు తీయండి. ఆరు కోర్ల ప్రాసెసర్ మొదటి కంప్యూటర్‌కు సరిపోతుంది. కొత్త ప్రాసెసర్‌కు పాత స్టాకు బోర్డు ఇస్తే, బయోస్ అప్‌డేట్ చేశారా అని షాపులోనే అడగండి.

ర్యామ్. ఏఎం4 బోర్డుకు డీడీఆర్4, ఏఎం5 బోర్డుకు డీడీఆర్5. ఒకదాని స్లాటులో ఇంకోటి పట్టదు. 16 జీబీ అవసరమైతే 8 జీబీవి రెండు తీసుకోండి. రెండు దారుల్లో నడిస్తే వేగం పెరుగుతుంది. బిగించాక బయోస్‌లోకి వెళ్ళి ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ఆన్ చేయండి. లేకపోతే డబ్బు పెట్టి కొన్న వేగం నిద్రపోతుంది. మొదటి ఐబీఎం పీసీ 16 కిలోబైట్లతో వచ్చింది. మీ 16 జీబీ దానికి పది లక్షల రెట్ల పైమాటే.

స్టోరేజీ. ఎన్వీఎంఈ ఎస్‌ఎస్‌డీ తీసుకోండి. 500 జీబీతో మొదలుపెట్టినా, బోర్డు మీద రెండో ఎం.2 స్లాటు ఉందో లేదో చూసుకోండి.

ఎస్‌ఎంపీఎస్. అందరూ డబ్బు మిగుల్చుకునేది ఇక్కడే. మిగల్చకూడనిదీ ఇక్కడే. మొదటి ఐబీఎం పీసీ ఎస్‌ఎంపీఎస్ మొత్తం 63.5 వాట్లు. ఇవాళ చిన్న కార్డుల్లో ఒకటైన ఆర్‌టీఎక్స్ 4060 ఒక్కటే 115 వాట్లు తాగుతుంది. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే ఊరూపేరూ లేనిది ఫెయిలైతే, తనతో పాటు మిగతా పార్టులనూ తీసుకుపోవచ్చు. 80 ప్లస్ అనే ముద్ర కరెంటు ఎంత వృథా కాకుండా మారుతుందో చెబుతుందంతే, లోపలి రక్షణల గురించి ఏమీ చెప్పదు. పేరున్న కంపెనీది, మధ్య స్థాయి కార్డుకు 550 నుంచి 650 వాట్లది, ఎక్కువ ఏళ్ళ వారంటీ ఉన్నది తీసుకోండి. కరెంటు వచ్చిపోయే ఊళ్ళో ఉంటే యూపీఎస్ కూడా బడ్జెట్లో రాసుకోండి. మంచి ఎస్‌ఎంపీఎస్ తర్వాతి కంప్యూటర్‌కూ పనికొస్తుంది.

క్యాబినెట్. రంగు లైట్లకు కాదు, గాలికి డబ్బు పెట్టండి. ముందు వైపు జాలీ ఉండాలి, కార్డు పొడవు పట్టాలి. మన ఎండాకాలానికి అద్దం మూసిన ముఖం పనికిరాదు.

చివరగా బిల్లు. జీఎస్టీ 18 శాతం కట్టకుండా తగ్గిస్తామంటారు. ఆ తగ్గింపుతో వారంటీ కూడా పోవచ్చు. ప్రతి పార్టు సీరియల్ నంబరు బిల్లు మీద రాయించుకోండి. డబ్బాలు పారేయొద్దు. సెకండ్‌హ్యాండ్ కార్డు తీసుకునేవాళ్ళు అరగంట ఆట నడిపించి చూడందే డబ్బు ఇవ్వొద్దు. 2022 సెప్టెంబరులో ఎథీరియం మైనింగ్ ఆగిపోయాక రాత్రింబవళ్ళు నడిచిన కార్డులు ఎన్నో సెకండ్‌హ్యాండ్ బజారుకొచ్చాయి.

తలుపు మళ్ళీ మూసుకుంటోందా?

ఇది ముగిసిన చరిత్ర అనుకోవద్దు. సన్నటి ల్యాప్‌టాప్‌లలో మెమరీని బోర్డుకు అతికించేస్తున్నారు, పెంచుకునే వీలు లేదు. కొన్ని రెడీమేడ్ డెస్క్‌టాప్‌లలో బోర్డు, ఎస్‌ఎంపీఎస్ ఏటీఎక్స్ కొలతల్లో ఉండవు. పాడైతే ఆ కంపెనీ గుమ్మమే తొక్కాలి. ప్రపంచంలో ర్యామ్ చిప్పులు ఎక్కువ భాగం చేసేవి మూడే కంపెనీలు: శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏఐ డేటా సెంటర్లు మెమరీని ఎగబడి కొనడంతో 2025 చివర్లో ధరలు పెరిగాయి. ఆ డిసెంబరులోనే మైక్రాన్ క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. గేమర్ల కార్డుల మీద పెరిగిన ఏఐ, ఇప్పుడు గేమర్ల ర్యామ్‌నే లాగేసుకుంటోంది.

అందుకే కొనేటప్పుడు ధరతో పాటు ఇంకో ప్రశ్న కూడా వేసుకోండి. ఈ పార్టు పాడైతే ఇంకో కంపెనీది పెట్టుకోగలనా? జవాబు అవును అయితే ఆ స్లాటు వెనక ఒక గ్యారేజీ క్లబ్బు, చూడకుండా రాసిన ఒక బృందం, ఫీజు కట్టమని నిరాకరించిన తొమ్మిది కంపెనీలు ఉన్నాయి. కాదు అయితే దుకాణదారు ఎంత తగ్గించినా వెనక్కి పెట్టేయండి.

మీ బడ్జెట్, మీ దగ్గరున్న తెర, ఆడాలనుకుంటున్న ఆటలు రాయండి. హాస్టల్లో నలుగురు కలిసి బిగించుకుంటే ఇంకా మంచిది. ఒకరు నేర్చుకున్నది ముగ్గురికి వస్తుంది. వచ్చే భాగంలో స్లాటు కూడా అక్కర్లేని తాళం, అంటే సాఫ్ట్‌వేర్ లైసెన్సుల కథ చెప్పుకుందాం.